గవర్నింగ్ లా ఒక్కటి రాస్తే సరిపోదు

అంతర్జాతీయ ఒప్పందాల్లో ఆర్బిట్రేషన్ క్లాజు, అంటే గొడవొస్తే కోర్టుకు బదులు మధ్యవర్తులు తేల్చాలనే షరతు, చివర్లో వస్తుంది. ధర మీద, చెల్లింపుల మీద వారాల తరబడి పట్టుబట్టినవాళ్లు అక్కడికొచ్చేసరికి అలసిపోయి, పాత ఒప్పందంలోని పేరానే అతికిస్తారు. ఒప్పందానికి వర్తించే చట్టం (గవర్నింగ్ లా) ఇంగ్లండ్‌ది, ఆర్బిట్రేషన్ పారిస్‌లో. చూడటానికి లోపమేమీ కనపడదు.

లెబనాన్ రెస్టారెంట్ల సంస్థ కబాబ్-జీ 2001లో ఒక కువైట్ కంపెనీతో చేసుకున్న ఫ్రాంచైజీ ఒప్పందం అలాంటిదే. ఆ కంపెనీ తర్వాత కౌట్ ఫుడ్ గ్రూప్ కిందికి వెళ్లింది. సంతకం పెట్టని ఆ మాతృసంస్థ మీదే 2017లో పారిస్ ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్ అవార్డు, అంటే తీర్పు, ఇచ్చింది. ఒప్పందానికి పెట్టుకున్న ఇంగ్లండ్ చట్టమే ఆర్బిట్రేషన్ క్లాజుకూ వర్తిస్తుందని, ఆ లెక్కన కౌట్ దానికి కట్టుబడలేదని బ్రిటన్ సుప్రీంకోర్టు 2021లో అమలుకు ఒప్పుకోలేదు. సీటు (ఆర్బిట్రేషన్‌కు చట్టపరమైన స్థానం) పారిస్ కాబట్టి ఫ్రెంచ్ నియమాలే చూడాలని ఫ్రాన్స్ అత్యున్నత కోర్టు 2022లో అదే అవార్డును నిలబెట్టింది.

ఇక్కడ మూడు చట్టాలు పనిచేస్తాయి. సరుకు, డబ్బు, నష్టపరిహారం లాంటివి తేల్చేది ఒకటి. ఆర్బిట్రేషన్ క్లాజు చెల్లుతుందా, ఎవరిని కట్టేస్తుందన్నది తేల్చేది రెండోది. విచారణ మీద ఏ దేశపు కోర్టుకు అజమాయిషీ ఉంటుందో చెప్పేది సీటు చట్టం. రెండోదాన్ని దాదాపు ఎవరూ రాయరు, గొడవంతా అక్కడే. 2025 ఆగస్టు 1 నుంచి ఇంగ్లండ్‌లో కొత్త నియమం వచ్చింది: క్లాజుకు వేరే చట్టం స్పష్టంగా రాయకపోతే సీటు చట్టమే వర్తిస్తుంది. మన సుప్రీంకోర్టు మాత్రం అదే ఏడాది మార్చిలో, కొలంబియా కంపెనీకీ గుజరాత్ సంస్థకూ మధ్య వివాదంలో, ఆర్బిట్రేషన్ బొగోటాలో అని రాసి ఉన్నా ఒప్పందానికి రాసుకున్న భారత చట్టమే క్లాజుకూ వర్తిస్తుందంది.

చట్టం ఎంపికలో న్యాయం కన్నా బలాబలాలదే పైచేయి. డబ్బు పెట్టేవాడి లాయర్ ఎక్కడ చదివాడో ఆ చట్టమే డ్రాఫ్టులోకొస్తుంది. లండన్ పేరుంటే నమ్మకం, అవతలివాడి దేశమంటే అనుమానం. చిన్న సరఫరాదారుకు గవర్నింగ్ లా మీద బేరమాడే బలం లేకపోవచ్చు. అప్పుడు ఆ పట్టు సీటు మీద పెట్టడం మేలు. మతవిశ్వాసం కూడా ఒప్పందంలోకొస్తుంది. షరియా సూత్రాలకు లోబడి ఇంగ్లండ్ చట్టం అని రాసుకున్న బహ్రెయిన్ బ్యాంకు కేసులో లండన్ అప్పీలు కోర్టు 2004లో ఇంగ్లండ్ చట్టాన్నే లెక్కలోకి తీసుకుంది. ఆర్బిట్రేటర్ దగ్గరైతే పార్టీలు కోరుకున్న ఇతర ప్రమాణాలకూ చోటుందని 1996 నాటి ఇంగ్లండ్ ఆర్బిట్రేషన్ చట్టం 46వ సెక్షన్ చెబుతుంది. అలాంటి విలువలు మీకు ముఖ్యమైతే కోర్టుకన్నా ఆర్బిట్రేషనే నయం.

గుంటూరు మిర్చి జర్మనీకి పంపుతూ జర్మన్ చట్టానికి ఒప్పుకుంటే, భారత్ చేరని ఐక్యరాజ్యసమితి సరుకుల అమ్మకాల ఒడంబడిక కూడా వెంట వస్తుంది. వద్దనుకుంటే వద్దని విడిగా రాయాలి. హైదరాబాద్‌లో అమెరికన్ సంస్థ భారతీయ అనుబంధ కంపెనీ స్థానిక వెండర్‌తో చేసుకునే ఒప్పందంలో అమెరికా రాష్ట్రమైన డెలావేర్ చట్టం రాస్తే నిలవదు. ఇద్దరూ ఇక్కడ నమోదైన కంపెనీలే, సీటు భారత్‌లోనే అయితే మన ఆర్బిట్రేషన్ చట్టం 28వ సెక్షన్ ప్రకారం భారత చట్టమే.

క్లాజులో ఈ మూడు వాక్యాలూ విడివిడిగా ఉండాలి: ‘ఈ ఒప్పందానికి ఫలానా చట్టం వర్తిస్తుంది. ఈ ఆర్బిట్రేషన్ క్లాజుకు ఫలానా చట్టం వర్తిస్తుంది. ఆర్బిట్రేషన్ సీటు ఫలానా నగరం.’ వెన్యూ (విచారణకు కూర్చునే చోటు) అని కాదు, సీటు అనే రాయండి. రెండో వాక్యంలో సీటు ఉన్న దేశపు చట్టాన్నే పెడితే కబాబ్-జీ లాంటి చిక్కు చాలావరకు రాదు.