పడుకోబెట్టి చూస్తే దొరకని దడ

నిలబడితే గుండె దడ, కళ్ల ముందు చీకట్లు, తల మొద్దుబారడం. పడుకుంటే అన్నీ సర్దుకునేవి. విజయవాడ సూర్యారావుపేటలో చేయించిన ఈసీజీ, ఎకో, థైరాయిడ్, హిమోగ్లోబిన్ అన్నీ నార్మలే. ఆ రిపోర్టులు తప్పు కాదు. ఈసీజీ, ఎకో తీసేది పడుకోబెట్టి, బీపీ చూసేది కూర్చోబెట్టి. నాకున్న పాట్స్ (POTS), అంటే నిలబడితే గుండె వేగం మితిమీరి పెరిగే సమస్య, బయటపడేది నిలబడ్డాకే.

మనిషి లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్లలోకి, పొట్టలోకి దిగుతుంది. రక్తనాళాలు వెంటనే బిగుసుకుని దాన్ని పైకి పంపాలి. ఆ పని సరిగా జరగకపోతే గుండె వేగం పెంచి ఆ లోటు పూడుస్తుంది.

దీన్ని ఇంట్లోనే కొలవచ్చు, పక్కన ఒక మనిషి ఉండి తీరాలి. పొద్దున్నే, కాఫీ తాగకముందు 10 నిమిషాలు పడుకుని నాడి, బీపీ రాయాలి. తర్వాత మడమలు గోడకు ఆరంగుళాల దూరంలో పెట్టి, వీపు పైభాగం గోడకు ఆనించి, 10 నిమిషాలు నిలబడి నిమిషానికోసారి రాయాలి. మాట్లాడకూడదు, కాళ్లు కదపకూడదు. కదిపితే పిక్కలు రక్తాన్ని పైకి నెట్టేస్తాయి, అంకె తక్కువ వస్తుంది. చాలామందికి తప్పేది ఇక్కడే. కళ్లు తిరిగితే వెంటనే పడుకోవాలి.

బీపీ పడిపోకుండా నాడి పడుకున్నప్పటికన్నా నిమిషానికి 30 పెరిగి అలాగే ఉంటే పాట్స్‌ను అనుమానించాలి. 12 నుంచి 19 ఏళ్ల వాళ్లకైతే 40 పెరగాలి. పై బీపీ 20 తగ్గితే అది వేరే సమస్య. రక్తహీనత, విరేచనాలు, కొన్ని మందుల వల్ల కూడా నాడి ఇలాగే పెరుగుతుంది కాబట్టి ముందు వాటిని తేల్చుకోవాలి. డాక్టరుకు 'దడగా ఉందండీ' అని చెప్పి ఊరుకోకుండా ఈ అంకెల కాగితం చేతికివ్వండి.

నాకు పనిచేసినవి నీళ్లు, ఉప్పు, వ్యాయామం. రోజుకు రెండు మూడు లీటర్ల నీళ్లు. ఉప్పు అన్నీ కలిపి 10 గ్రాముల దాకా, అదీ డాక్టరు సరేనన్నాకే. బీపీ, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు దాని జోలికి వెళ్లకూడదు. ఉప్పు వేసిన పలచటి మజ్జిగ మన ఎండలకు హాయి. మోకాళ్ల దాకా వచ్చే బిగుతు సాక్సులతో లాభం తక్కువ, రక్తం పొట్టలోనూ నిలుస్తుంది కదా. నడుం దాకా ఉండేవి కావాలి. రోహిణీ కార్తెలో అవి వేసుకోవడం నరకం, అప్పుడు పొట్టకు బెల్టు కొంత నయం.

వ్యాయామం పడుకునో కూర్చునో చేసేవాటితో మొదలుపెట్టాలి: పడుకుని కాళ్లు ఎత్తడం, ఈత, వెనక్కి వాలి తొక్కే సైకిల్. మొదట్లోనే నడక పెంచితే దడ తిరగబెడుతుంది. గుణం తెలియడానికి నెలలు పడుతుంది. గుండె వేగం తగ్గించే ప్రొప్రనొలాల్, ఐవాబ్రడిన్ లాంటి మందులు అవసరమా అన్నది డాక్టరు తేల్చాలి.