ఎవరిది ఎంత

"ఈ చెట్టు మీరు గీసిందా, ఆయన చెక్కిందా?" అని ఈ రోజు మా లినోకట్ ముద్రలను (లినోలియం అనే మెత్తని పలకను చెక్కి, సిరా పూసి కాగితం మీద వేసిన అచ్చులను) చూడటానికి వచ్చిన ఒకావిడ అడిగినప్పుడు, మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం.

నేను పెన్సిల్‌తో గీసిన బొమ్మను ఆయన లినోలియం పలక మీదికి తిరగేసి దించుతారు. అచ్చులో కుడి ఎడమలు తారుమారవుతాయి కనుక అలా చేయక తప్పదు. ఆ తరువాతిది ఉలి పని. ఉలి తొలిచిన చోట కాగితం తెల్లగానే ఉండిపోతుంది, మిగిలిన మిట్టకే సిరా అంటుతుంది. నేను గీసిన సన్నని ఆకు ఈనెలను పలక మీద అంత సన్నని మిట్టలుగా నిలిపితే విరిగిపోతాయి కాబట్టి, ఆయన వాటిని నల్లని గీతలుగా కాక, తొలిచిన తెల్లని గాడులుగా మార్చారు. బొమ్మ నాదే, కాని ఆ ఆకును అలా ఊహించింది నేను కాదు. (నా గీత కన్నా అదే బాగుంది. ఈ మాట ఆయనకు ఇంకా చెప్పలేదు.)

1941లో పెళ్లి చేసుకున్న అమెరికన్ డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ కలిసి చేసిన కుర్చీలకు చాలాకాలం పేరు ఎక్కువగా చార్లెస్‌కే దక్కింది. చిత్రకళ అభ్యసించిన రే పాత్ర ఎంతటిదో లోకం ఆలస్యంగా గుర్తించింది. ఆ సంగతి తెలిసే, మేము మొదటి నుంచీ ప్రతి ముద్ర కిందా పెన్సిల్‌తో ఇద్దరం సంతకం చేస్తున్నాం.

ఆవిడకు పెన్సిల్ బొమ్మనూ పలకనూ పక్కపక్కన పెట్టి చూపించాం. చాలాసేపు చూసి, రెండూ కావాలన్నారు. పెన్సిల్ బొమ్మ అమ్మేది కాదని నాకన్నా ముందు ఆయనే చెప్పారు.