హైడ్రోజన్ షెడ్‌లో యూవీ ఫ్లేమ్ డిటెక్టర్లు బిగించిన అనుభవం

హైడ్రోజన్ మంట పట్టపగలు కంటికి దాదాపు కనపడదు. పొగ ఉండదు, మసి ఉండదు. మంటలో కార్బనే లేదు కాబట్టి వేడి కార్బన్ డయాక్సైడ్‌ని వెతికే ఇన్‌ఫ్రారెడ్ డిటెక్టర్‌కి అక్కడ పట్టుకోవడానికి ఏమీ దొరకదు. అందుకే ఈ కంప్రెసర్ షెడ్‌కి యూవీ (అతినీలలోహిత కాంతిని పట్టే) రకం తీసుకున్నాం. దాని ట్యూబు సుమారు 185 నుంచి 260 నానోమీటర్ల మధ్య వెలుగుకే స్పందిస్తుంది. ఎండలో ఆ భాగాన్ని పైనున్న ఓజోన్ పొరే ఆపేస్తుంది, కాబట్టి ఎండకు అలారం రాదు.

డ్రాయింగ్‌లో డిటెక్టర్లు షెడ్ మూలల్లో ఉన్నాయి. షెడ్ 18 మీటర్ల పొడవు, 12 మీటర్ల వెడల్పు, అంటే మూల నుంచి మూలకి 21 మీటర్ల పైమాటే. డేటాషీట్‌లో పెద్ద అక్షరాల్లో ఉండే 15 మీటర్లు 0.1 చదరపు మీటరు ట్రేలో మండే పెట్రోల్‌కి ఇచ్చిన అంకె. హైడ్రోజన్‌కి అంకె విడిగా, కింద చిన్న పట్టికలో ఉంది, అది ఇంకా తక్కువ. దూరం రెట్టింపైతే అదే అలారం రావడానికి మంట నాలుగింతలు కావాలి. పైగా కోన్ (డిటెక్టర్ చూడగల శంకువు ఆకారపు మేర) నడుమ ఉన్న చూపు అంచున ఉండదు, సగానికి పడిపోయే మోడళ్లూ ఉన్నాయి. ఆ లెక్కన నాలుగు చాలవని ఆరుకి పెంచాం.

ముందు డిటెక్టర్ల చోటు కాదు, మంట పుట్టే చోట్లు రాసుకోవాలి: ప్యాకింగ్ (కంప్రెసర్ రాడ్ చుట్టూ ఉండే సీలు), వాల్వ్ కవర్లు, ఫ్లాంజ్‌లు (పైపుల బోల్టు అతుకులు), డ్రెయిన్లు. ఒక్కో చోటు కనీసం రెండు డిటెక్టర్లకి కనపడాలి, ఎందుకంటే షట్‌డౌన్ ఏ రెండు డిటెక్టర్లు చెప్పినా కొట్టేలా పెట్టాం. స్కాఫోల్డింగ్ ఎక్కి, లెన్స్ ఉండబోయే చోట లేజర్ పాయింటర్ పట్టుకుని ఒక్కో ఫ్లాంజ్ మీద చుక్క పెట్టి చూశాం. రెండు చోట్ల చుక్క ఫ్లాంజ్ దాకా పోలేదు, మధ్యలో కేబుల్ ట్రే అడ్డు. ట్రే డ్రాయింగ్ ఖరారయ్యాక వచ్చింది మరి. చుక్క పడని చోటు డిటెక్టర్‌కీ కనపడదు.

డిటెక్టర్ల ఎత్తు 6 మీటర్లు, కోన్ 90 డిగ్రీలు. 45 డిగ్రీలు కిందికి వంచితే కోన్ పై అంచు సరిగ్గా అడ్డంగా ఉంటుంది, కింది అంచు నిట్టనిలువుగా దిగుతుంది. 30 డిగ్రీలే వంచితే చూపు దూరం పోతుంది గానీ, స్తంభం మొదట్లో దాదాపు 1.6 మీటర్లు గుడ్డిగా మిగిలిపోతుంది, పై అంచు 15 డిగ్రీలు ఆకాశంలోకి లేస్తుంది. అలా లేచిన చూపే కొంప ముంచేది. షెడ్ ఒకవైపు గోడ లేదు, దాని అవతల పైపుల వెల్డింగ్ జరుగుతూ ఉంటుంది. వెల్డింగ్ ఆర్క్ యూవీకి మంటకన్నా మంటలా కనపడుతుంది, ఎంతో దూరం నుంచి కూడా. మూడు సెకన్లు ఆగి అలారం ఇచ్చే డిలే మెరుపుకి పనికొస్తుంది, వెల్డింగ్‌కి రాదు. ఆర్క్‌ని రెండు డిటెక్టర్లూ చూస్తాయి కాబట్టి రెండింటి ఓటూ కాపాడదు. అందుకని ఆ వైపు డిటెక్టర్లని తెరిచిన వైపు స్తంభాలకే బిగించి, బయటికి వీపు పెట్టి లోపలికి చూసేలా తిప్పాం. ఎదురు వరసలో వాటికి వంపు 45 కన్నా తగ్గనివ్వలేదు. రేడియోగ్రఫీ (వెల్డింగ్ అతుకుల్ని ఎక్స్‌రేతో పరీక్షించడం) సంగతి వేరు. ఎక్స్‌రే గోడలు దాటి వచ్చి ట్యూబులో గ్యాస్‌ని నేరుగా అయనీకరిస్తుంది, దానికి ఏ కోణమూ మందు కాదు. వెల్డర్ పర్మిట్‌లోనూ రేడియోగ్రఫీ పర్మిట్‌లోనూ డిటెక్టర్ ఇన్‌హిబిట్ (పని అయ్యేదాకా దాన్ని ఆపి ఉంచడం) గడి పెట్టించాం.

బ్రాకెట్ కాంక్రీటుకో ప్రధాన స్తంభానికో ఉండాలి. కంప్రెసర్ పైపు సపోర్టుకి కడితే వణుకుడుకి నట్లు వదులై కోణం జారిపోతుంది. కేబుల్ ఎంట్రీ కిందికి పెట్టి, గ్లాండ్ (కేబుల్ దూరే చోట బిగించే సీలు) ముందు కేబుల్‌ని వంపు తిప్పితే నీరు అక్కడే కారిపోతుంది. వాడని ఎంట్రీకి వచ్చిన ప్లాస్టిక్ మూత రవాణా కోసం మాత్రమే. దాని బదులు సర్టిఫైడ్ స్టాపింగ్ ప్లగ్ వేయాలి, లేకపోతే ఫ్లేమ్‌ప్రూఫ్ (లోపలి నిప్పు బయటి గ్యాస్‌ని అంటుకోనివ్వని పెట్టె) అన్న మాటకి అర్థం లేదు. షీల్డ్‌ని ప్యానల్ దగ్గరే ఎర్త్ చేశాం, రెండో కొస ఇన్సులేషన్ చుట్టి వదిలేశాం.

అసలు తలనొప్పి కరెంటు దగ్గర వచ్చింది. ప్యానల్ 300 మీటర్ల దూరంలో ఉంది, ఆరింటికీ ఒకే 1.5 చదరపు మి.మీ. కేబుల్. ఆ రాగి తీగ కిలోమీటరుకి సుమారు 12 ఓమ్‌లు, పోను రాను 600 మీటర్లకి 7.2. లెన్స్ హీటర్ ఆగి ఉన్నప్పుడు ఒక్కోటి 0.08 ఆంపియర్లు, ఆరూ కలిసి 0.48, డ్రాప్ (తీగలోనే పోయే వోల్టేజీ) మూడున్నర వోల్టులు. 24లో 20.5 మిగిలింది, అన్నీ చక్కగా నడిచాయి. తెల్లవారుజామున చలికి హీటర్లు లేచాయి. ఒక్కోటి 0.3 అయింది, మొత్తం 1.8, డ్రాప్ 13 వోల్టులు. డిటెక్టర్‌కి కనీసం 18 వోల్టులు కావాలి, 11 కూడా సరిగా అందడం లేదు. ఆరూ ఫాల్ట్, ఎండ రాగానే ఆరూ బాగు! పగలు మీటరు పెట్టి చూసినవాడికి తప్పు దొరికే దారే లేదు. విడిగా 4 చదరపు మి.మీ. పవర్ కేబుళ్లు రెండు లాగి, మూడేసి చొప్పున పంచాక ఆ గొడవ పోయింది. కేబుల్ సైజు ఎప్పుడూ హీటర్ కలిపి, బ్యాటరీ వోల్టేజీ తగ్గిన లెక్కన వేయాలి.

లెన్స్‌ని వేలితో తాకకూడదు. వేలిముద్రలోని జిడ్డు కంటికి ఆనకపోయినా యూవీని తింటుంది. కంప్రెసర్ ఆయిల్ పొర కూడా అంతే. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూగు రాలని గుడ్డతో తుడవాలి. మామూలు గాజు, పాలీకార్బొనేట్ యూవీకి గోడలాంటివి, అందుకే డిటెక్టర్ కిటికీకి క్వార్ట్‌జో సఫైరో వాడతారు. టెస్ట్ రోజున ఒక డిటెక్టర్ ఎంతకీ పలకలేదు. ట్యూబు పోయిందనుకుని విప్పబోతుంటే, లెన్స్ మీద పారదర్శకమైన ప్యాకింగ్ మూత అలాగే ఉంది.

యూవీ టెస్ట్ లాంప్‌తో పరీక్షకి ముందు షట్‌డౌన్, డెల్యూజ్ (మంటలపై నీళ్లు కుమ్మరించే వ్యవస్థ) రెండూ ఇన్‌హిబిట్ చేసి, ఆ సంగతి కంట్రోల్ రూమ్ లాగ్‌లో రాయించాలి. ఒక్కో డిటెక్టర్‌కి మాన్యువల్ చెప్పిన దూరం నుంచే లాంప్ చూపించాలి, ముక్కుకి ఆనించి చూపిస్తే సగం గుడ్డి లెన్స్ కూడా పాసవుతుంది. పాసైన ప్రతిదాని బ్రాకెట్ మీదా కోణం అంకె, నట్టు గీత రంగు పెన్‌తో వేశాం. తుడవడానికి విప్పినవాడు మళ్లీ బిగించేటప్పుడు గీతకి గీత కలిస్తేనే వదులుతాం.