కార్తీకమాసం, ఎవరి బంతి వాళ్లదే

కార్తీకమాసం వచ్చిందంటే కోనసీమలో ఏ ఆదివారమూ ఖాళీగా ఉండదు. రావులపాలెం నుంచి అమలాపురం వెళ్లే దారిలో సెంటర్ సెంటర్‌కీ ఫ్లెక్సీలే. ఫలానా కులం వారి వనసమారాధన, ఫలానా వారి కొబ్బరితోటలో, ముఖ్య అతిథి ఎమ్మెల్యే గారు. కాపులవి, రాజులవి, బ్రాహ్మలవి, వైశ్యులవి, మా శెట్టిబలిజలవి, అన్నీ కనిపిస్తాయి. తోటలో ఉసిరి చెట్టు లేకపోతే కొమ్మ తెచ్చి పాతుతారు. పూజ అయ్యాక కంద బచ్చలి, పనసపొట్టు కూర, పులిహోరతో బంతులు వేస్తారు. ఆ పక్కనే పెళ్లి సంబంధాల కోసం ఒక బల్ల, టెన్త్‌లో మంచి మార్కులు వచ్చిన పిల్లలకి బహుమతులు, ఈసారి టికెట్ మనవాడికే రావాలని మైకులో ప్రసంగాలు.

ఇది చూసి మా స్టాఫ్‌రూమ్‌లో పెద్దవాళ్లు, "మా రోజుల్లో వనభోజనాలకి కులం లేదమ్మా" అంటుంటారు. నేను ఒప్పుకోను. మా నాయనమ్మ చెప్పేది, తోట ఆసామి పెట్టే వనభోజనంలో కొబ్బరి దింపు తీసేవాళ్లూ కట్టెలు కొట్టేవాళ్లూ కాలువ గట్టు మీద కూర్చుని ఆఖరున తినేవారట. పేటవాళ్లయితే, అంటే దళితవాడ వాళ్లయితే, తోటలోకే వచ్చేవారు కాదు. అప్పట్లో ఎవరి వీధి ఏదో ఊరంతటికీ తెలుసు, కాబట్టి ఫ్లెక్సీ అవసరం పడలేదు. ఇప్పుడు కాకినాడలోనో హైదరాబాద్‌లోనో అపార్ట్‌మెంట్‌లో పక్క ఫ్లాట్ వాళ్లెవరో తెలియదు. పిల్లల పెళ్లిళ్ల టెన్షన్ ఉంటుంది. అందుకే మనవాళ్లెక్కడున్నారో వెతుక్కుంటూ వస్తారు.

అలాగని కుల సంఘాలే వద్దని నేను అనలేను. మా తాత తాడిచెట్లెక్కి కల్లు గీసేవాడు. మా వాళ్లని నలుగురూ ఏ పేర్లతో పిలిచేవారో ఇక్కడ రాయడం నాకిష్టం లేదు. అల్లవరం దగ్గర బోడసకుర్రుకి చెందిన దొమ్మేటి వెంకటరెడ్డి గారు పట్టుబట్టి ప్రభుత్వంతో పోరాడితే 1920లో శెట్టిబలిజ అన్న పేరు దక్కింది. మా నాన్న బీఈడీ ఫీజులో సగం సంఘంలో పెద్దలే కట్టారు. ఆ ఫీజు వల్లే ఈరోజు నేనూ టీచర్‌నయ్యాను. తలెత్తుకోవడానికి సంఘం పెట్టుకున్న వాళ్లనీ, తమ పెత్తనం నిలుపుకోవడానికి పెట్టుకున్న వాళ్లనీ ఒకే గాటన కట్టకూడదు. ఏప్రిల్ 14న పేటలో అంబేడ్కర్ గారి జయంతికి పెట్టే భోజనానికి మా అమ్మాయి ఏటా వెళ్తుంది. నువ్వెవరమ్మాయివని అక్కడ ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

నన్ను కుదిపేసింది 2022. ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా వచ్చింది. దానికి అంబేడ్కర్ గారి పేరు కలుపుతామనగానే మే 24న అమలాపురంలో ఇళ్లకి నిప్పుపెట్టారు. రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు. ఆ తర్వాత జిల్లాకి ఆ పేరు ఖాయమైంది, కానీ జూలైలో బడి తెరిచేసరికి మా తొమ్మిదో తరగతిలో ఎవరూ చెప్పకుండానే బెంచీలు విడిపోయాయి. పేట పిల్లలు ఒకవైపు, మిగతావాళ్లు ఒకవైపు. నేను చెప్పేది సోషల్. అంటరానితనాన్ని నిషేధించిన 17వ అధికరణం చెప్పాల్సింది ఆ పిల్లలకే. ముందు రోల్ నంబర్ల ప్రకారం కూర్చోబెట్టి, ఆ తర్వాతే పాఠం మొదలుపెట్టాను. కొందరు తల్లిదండ్రులు వచ్చి గొడవపడ్డారు. నేను మార్చలేదు.

మా కోనసీమలోనే, లంకల గన్నవరంలో, డొక్కా సీతమ్మ గారు ఉండేవారు. బ్రాహ్మణ ఇల్లాలు. గోదావరి పాయ దాటి ఆకలితో వచ్చినవాళ్లకి కులం చూడకుండా, వేళ చూడకుండా వండిపెట్టారు. 1909లో పోయారు. 2024 నుంచి మన బడుల్లో మధ్యాహ్న భోజనం ఆవిడ పేరు మీదే నడుస్తోంది. ఆవిడ ఫొటోకి దండ వేసే చేతులే ఆదివారం వచ్చేసరికి కులం చూసి విస్తరి వేస్తుంటే నాకు కడుపు రగిలిపోతుంది.

అందుకే ఈసారి సంఘం చందా అడగడానికి వచ్చినవాళ్లకి చెప్పాను, పిల్లల ఫీజులకైతే ఇస్తాను, భోజనాలకి ఇవ్వనని. వాళ్లలో ఇద్దరు నొచ్చుకున్నారు, ఒకాయన మాత్రం ఆలోచిస్తామన్నాడు. ఆ భోజనాల డబ్బు పెట్టి మా బడి తల్లిదండ్రులందరికీ కలిపి మూడో ఆదివారం వనభోజనం పెడుతున్నాం. హెడ్‌మాస్టారు సరేనన్నారు. తోట ఇస్తానన్నాయన అన్ని కులాలూ వస్తాయని తెలిసి వెనక్కి తగ్గాడు. దాంతో బడి ఆవరణలోనే, ఉసిరి మొక్క దగ్గర పెడుతున్నాం.

మీటింగ్‌లో ఒకావిడ, "వంట ఎవరు చేస్తారండి?" అని అడిగింది. ఎందుకడిగిందో అక్కడున్న అందరికీ అర్థమైంది. "మన బడిలో వండే ఆవిడేనండి, మీ అబ్బాయి రోజూ తినేది ఆవిడ వంటే" అన్నాను. ఆవిడ కాసేపు ఊరుకుని, పులిహోరకి చింతపండు తను తెస్తానని పేరు రాయించింది.