రెండోసారి హెర్నియా

గజ్జలో హెర్నియాకి, అంటే పొట్ట గోడ బలహీనపడిన చోట లోపలి పేగు బయటికి ఉబ్బడానికి, 2009లో కోసి ఆపరేషన్ చేశారు. ఆ చోట బలంగా ఉండేందుకు మెష్ (వల లాంటి ముక్క) కూడా పెట్టారు కాబట్టి ఇక దాని ఊసు ఉండదనుకున్నాను. 2016 ఎండాకాలంలో పాత కుట్ల పక్కనే మళ్లీ ఉబ్బు కనిపించింది. నిలబడితే నిమ్మకాయంత, పడుకుంటే మాయం. ఎరువుల కొట్టు నడిపేవాణ్ణి, బస్తా కదిపితే చాలు, చెయ్యి గజ్జ మీదికి పోయేది. "మళ్లీ కోయించుకుంటారా ఏంటండీ? బెల్టు పెట్టుకోండి చాలు" అంది మా ఆవిడ. కొన్నాళ్లు పెట్టుకున్నాను. కానీ పేగు ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుందన్న టెన్షన్ రాత్రిళ్లు నిద్ర పట్టనిచ్చేది కాదు.

సర్జన్ గారు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. పాత దారిలోనే మళ్లీ వెళ్తే అక్కడ కండ గట్టిపడి, నరాలు, వృషణానికి వెళ్లే రక్తనాళాలు అందులో అతుక్కుపోయి ఉంటాయి. విడదీయబోతే దెబ్బ తగలొచ్చు. అందుకని ఈసారి పొట్టలోంచి, పొట్ట గోడ వెనకవైపు మెష్ పెడతానన్నారు. టైరుకి లోపలినుంచి ప్యాచ్ వేసినట్టే, పొట్టలో ఒత్తిడే మెష్‌ని గోడకి అదిమి పట్టుకుంటుందట. ముందునుంచి చేసింది పోతే వెనకనుంచి, వెనకనుంచి చేసింది పోతే ముందునుంచి చేయాలని 2018లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాల్లోనూ ఉంది.

పూర్తి మత్తు, మూడు చిన్న రంధ్రాలు, 15 × 10 సెంటీమీటర్ల మెష్. రెండోవైపు కూడా హెర్నియా కనిపిస్తే సరిచేయడానికి ముందే సంతకం పెట్టించుకున్నారు. అటువైపు ఏమీ లేదట.

లేచాక గజ్జకంటే భుజం ఎక్కువ నొప్పి పెట్టింది. పొట్ట ఉబ్బించడానికి నింపిన కార్బన్ డయాక్సైడ్ వల్లట, రెండు రోజుల్లో తగ్గింది. అసలు భయం తర్వాత వచ్చింది. సరిగ్గా పాత చోటే మళ్లీ ఉబ్బు! మూడోసారి అయిపోయిందనుకున్నాను. మా ఆవిడ ఏమీ అనలేదు, అదింకా భయమేసింది. సర్జన్ గారు దగ్గమని చెప్పి నొక్కి చూశారు. దగ్గినా అది పెరగలేదు. హెర్నియా ఖాళీ చేసిన చోట నీరు చేరింది, దానంతటదే ఇంకుతుందన్నారు. సూదితో తీసేయమని అడిగితే, మెష్‌కి ఇన్ఫెక్షన్ అంటించే పని ఎందుకన్నారు. కొన్ని వారాలకి నిజంగానే పోయింది.

ఇన్నేళ్లలో ఉబ్బు తిరిగి రాలేదు. బంధువులంతా "మళ్లీ రాదుగా?" అనే అడుగుతారు. నా లెక్కలో అంతకంటే ముందు అడగాల్సింది నొప్పి గురించి. గజ్జ హెర్నియా ఆపరేషన్ అయినవాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరికి మూడు నెలలు దాటినా నొప్పి మిగులుతుందని ముందే చెప్పారు. నాకు మొదటి ఆపరేషన్ తాలూకు మొద్దుబారిన చర్మం అలాగే ఉంది, అరచేతి వెడల్పున. రెండోదానివల్ల కొత్త నొప్పేమీ రాలేదు. స్కూటరు మీద దూరం వెళ్తే లోపల పట్టేసినట్టు ఉంటుంది, అంతే. సిగరెట్టు మానేశాను, దగ్గూ తగ్గింది. బరువులు ఎత్తొచ్చన్నారు డాక్టరు, మా ఆవిడ మాత్రం ఆ మాట నమ్మదు.

మా నాన్నకి ప్రోస్టేట్ సమస్య ఉండేది, నాకూ ఆ వయసు వస్తోంది. ఆ ప్రాంతంలో మెష్ ఉంటే ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ కష్టమవుతుందట, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందే చెప్పమన్నారు. రెండు ఆపరేషన్ల కాగితాలూ జిరాక్సు తీయించి బీరువాలో పెట్టాను, ఇంకో సెట్టు మా అబ్బాయి ఫోన్లో ఉంది.