లోపలి కుట్టు బయటికి

క్యాన్సరు ఆపరేషను అయ్యాక కీమో మొదలుపెట్టిన రోజే డాక్టరుగారు చెప్పారు, ఎర్ర రంగులో ఉండే ఈ కీమో మందుకి జుట్టు ఊడిపోతుందని. కీమో వేగంగా పెరిగే కణాలన్నిటి మీదా పనిచేస్తుందట. జుట్టు కుదుళ్లు కూడా అలాంటివే కాబట్టి దెబ్బ తింటాయి, మందు ఆపాక మళ్లీ వస్తుంది, కంగారు పడొద్దు అన్నారు. అది విని ఊరుకున్నాను. ఊడేముందు మాడు నొప్పి పెడుతుందని మాత్రం ఎవరూ చెప్పలేదు. బిగించి వేసిన జడతో రాత్రంతా పడుకుంటే పొద్దున్నకి కుదుళ్లు సలుపుతాయి చూడండి, తలంతా అదే నొప్పి.

రెండో కీమోకి వెళ్లేలోపే దిండు మీద, బాత్‌రూమ్‌లో, కంచంలో ఎక్కడ చూసినా వెంట్రుకలే. మా ఆయన ట్రిమ్మరు తెచ్చి వరండాలో కూర్చోబెట్టి మొత్తం తీసేశారు. అత్తయ్య గదిలోంచి బయటికి రాలేదు. ఆవిడ చిన్నప్పుడు చూసిన ఆడవాళ్ల గుండ్లు భర్త పోయినవాళ్లవని నాకు తెలుసు, అందుకే ఏమీ అనుకోలేదు. వీధిలో వాళ్లకి ఆ సంగతులేమీ పట్టలేదు. "అప్పన్నకి మొక్కుందా అమ్మా?" అని అడిగేవారు. మాది గోపాలపట్నం, సింహాచలం పక్కనే, వాళ్లలా అడగడం సహజం. అవునంటే దేవుడి పేరు మీద అబద్ధం, కాదంటే రోడ్డు మీద నిలబడి రోగం సంగతంతా చెప్పాలి. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేకుండా కూరగాయల బండి దాకా వెళ్లి రావడానికి తల మీద ఏదో ఒకటి కావాల్సి వచ్చింది.

కొన్న టోపీలు పాలిస్టర్‌వి. విశాఖ ఉక్కపోతకి కాసేపట్లో లోపలంతా తడిసిపోయేది. అంతకన్నా లోపల గుడ్డ అంచు పీచు లేవకుండా వేసే ఓవర్‌లాక్ కుట్టు మాడుని గీరేది. సిల్కు స్కార్ఫు కడితే నున్నటి తల మీంచి జారిపోయేది. పెళ్లైన దగ్గర్నుంచీ జాకెట్లు కుడుతున్నదాన్ని, కుట్టు ఒంటికి ఎలా తగులుతుందో తలకి తగిలాకే తెలిసింది.

నాలుగైదు రోజులకి అత్తయ్యే వచ్చి మావయ్యగారి పాత పొందూరు పంచె చేతిలో పెట్టారు. "ఉతికి ఉతికి వెన్నలా అయింది, దీంతో కుట్టుకో తల్లీ" అన్నారు. ఆ నూలుకి పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారని, అందుకే అంత సన్నమని ఆవిడ పుట్టింటివాళ్లు చెప్పుకునేవారట. గుడ్డ బంగారమే కానీ బీరువాలో ఉండి కలరా ఉండల వాసన పట్టేసింది. ఆ వాసనకే నాకు వాంతి వచ్చింది. కీమోలో ఉన్నవాళ్లకి ఏది ఇచ్చినా సెంటు, కంఫర్టు, కలరా ఉండలు తగలకుండా ఇవ్వాలని ఆ రోజే అనుకున్నాను. వేడినీళ్లలో నానబెట్టి, డాబా మీద ఎండలో ఆరేసి, అప్పుడు కత్తిరించాను.

సాగని నూలు గుడ్డతో టోపీ అయితే నేను గుండ్రటి ముక్క కత్తిరిస్తాను, అడ్డంగా ఇరవై అంగుళాల దాకా. చుట్టూ కుచ్చులు పోసి రెండు మడతల పట్టీలోకి దూరుస్తాను. అప్పుడు నడినెత్తిన కుట్టు ఉండదు, కుట్టంతా పట్టీ లోపలే ఉండిపోతుంది. కుచ్చుల వల్ల తల బోసిగానూ కనపడదు. ఎలాస్టిక్ మెడ వైపు మాత్రమే, అదీ గుడ్డ లోపల. హోజరీ గుడ్డైతే, అంటే బనీను గుడ్డ, అది సాగుతుంది కాబట్టి తల కొలత కన్నా రెండంగుళాలు తక్కువ పెడతాను, కుట్టు అంచుల్ని బయటివైపుకి తిప్పి పైన సన్నటి పట్టీ వేస్తాను. బయటి నుంచి అది డిజైనులా ఉంటుంది, తలకి తగిలేది నున్నటి వైపే. పూసలు, బొత్తాలు, చమ్కీలు వద్దు. దిండు మీద తల పెట్టినప్పుడు అవన్నీ గుచ్చుకుంటాయి.

నుదుటి దగ్గర పట్టీ వెడల్పు పెంచడానికి కారణం కనుబొమలు. ఎర్ర మందు అయ్యాక ఇచ్చిన మందుకి అవి కూడా పోయాయి. నుదుటి చెమట సరాసరి కళ్లలోకి కారి మండుతుంటే, కనుబొమలు ఎంత పని చేస్తాయో తెలిసింది. ఆ చెమట పీల్చుకునే మెత్తటి నూలు పట్టీ మన సముద్రపు ఊళ్లో ఉన్నవాళ్లకి తప్పనిసరి.

ఆ రెండో మందే నా వేళ్ల కొసల్ని కూడా మొద్దుబార్చింది. తిమ్మిర్లు. సూదిలో దారం ఎక్కించలేను, సూది గుచ్చుకున్నా తెలియదు. పైగా ఎడమ చంకలో గ్రంథులు తీశారు, ఆ చేతికి చిన్న గాయమైనా ఇన్‌ఫెక్షను, వాపు రావచ్చు. గుడ్డ పట్టుకునేది ఆ చెయ్యే. నర్సమ్మగారు వేలికి ఇత్తడి తొడుగు పెట్టుకుని తీరాలన్నారు. అత్తయ్య దారం ఎక్కించి ఇస్తే, తొడుగు పెట్టుకుని మిషను మీద నెమ్మదిగా కుట్టేదాన్ని. రక్తకణాలు తగ్గిన రోజుల్లో సూది పట్టనిచ్చేవారే కాదు. అప్పుడు గుడ్డ మీద సుద్దతో గీతలు గీసుకునేదాన్ని. రోజులో ఆ కాసేపు నేను పేషెంటుని కాదు, నా పని నేను చేసుకునే మనిషిని.

కీమో గదిలో పక్క కుర్చీలో ఉన్న శ్రీకాకుళం అప్ప నా టోపీ తడిమి, "ఇది ఎక్కడ కొన్నావమ్మా, ఇంత మెత్తగుంది" అంది. తీసి ఇచ్చేశాను. ఇతరులకి కుట్టివ్వడం అక్కణ్నుంచి మొదలైంది. మేం వెళ్లే అగనంపూడి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రికి విజయనగరం, ఒడిశా వైపుల నుంచి కూడా వస్తారు. పాడేరు, లంబసింగి వెళ్లిపోయేవాళ్లకి మా పల్చటి టోపీ శీతాకాలంలో చాలదు, వాళ్లకి హోజరీ రెండు పొరలు వేస్తాను. ఇతరులకి కుట్టేవాటికి పూర్ణా మార్కెట్లో మల్‌మల్ అనే పల్చటి నూలు గుడ్డ కొత్తది కొంటాను, గంజి పోయేదాకా ఉతుకుతాను.

రేడియేషను కూడా అయిపోయింది. నాకు ముందు పిల్లల నూగులాంటిది వచ్చింది, తర్వాత ఎప్పుడూ లేని ఉంగరాల జుట్టు. వేళ్ల తిమ్మిరి చాలావరకు తగ్గింది, చిటికెనవేలు ఇంకా మొద్దుగానే ఉంది. రివ్యూ అంటే ముందు రోజు నుంచే టెన్షన్, అది పోలేదు. వెళ్లేటప్పుడు టోపీల సంచి పట్టుకెళ్తాను. హోజరీవి వేరు, మల్‌మల్‌వి వేరు కట్టి, ఒక్కోదానికీ చుట్టుకొలత పెద్ద అంకెలతో రాసి పెడతాను. కీమో రోజున సంచిలో చెయ్యి పెట్టి వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు.