చివరిగా ఎప్పుడు బాగున్నారు?

మణికట్లు ఇంకా సలుపుతున్నాయి. పడుకుందామనే అనుకున్నాను కానీ ఒకాయన మీద కోపం దిగట్లేదు. అదేదో ఇక్కడ దించేసి పడుకుంటాను.

ఆఫీసులో సీపీఆర్ శిక్షణ, అంటే గుండె ఆగిన మనిషికి ఛాతీ నొక్కి ఊపిరి ఊదడం నేర్పేది, ఉందని మొన్న చెప్పానుగా, అది ఇవాళ అయింది. ముగ్గురికి ఒక బొమ్మ. మా ముగ్గురిలో ఒకాయన, పేరొద్దులెండి, పాత టపాల్లో నేను ఏసీ రిమోట్ ఆయన అని రాసే మనిషే, ముందు బొమ్మ పక్కన కూర్చుని ఫొటోలు తీయించుకున్నాడు. పదిసార్లు నొక్కాడో లేదో, "చాలండీ, ఐడియా వచ్చేసింది" అని లేచి చొక్కా సర్దుకున్నాడు. నా వంతు వచ్చేసరికి గోడకి ఆనుకుని, "మెల్లగా మేడం, బొమ్మ చచ్చిపోతుంది" అని జోకు. వెనక నలుగురు నవ్వారు. నేను పదిహేడులో ఉన్నానో పంతొమ్మిదిలో ఉన్నానో లెక్క తప్పింది. మళ్ళీ ఒకటి నుంచి.

నేర్పడానికి వచ్చినావిడ మాత్రం నవ్వలేదు. నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, "మెల్లగా కాదండీ, ఇంకా గట్టిగా. మీరు బొమ్మని జోకొడుతున్నారు" అంది. ఆయనది జోకు, నాది జోకొట్టడం. అదీ మా టీం.

నిజమే, నాకు చేతులు దిగలేదు. ఛాతీ మధ్యలో, మోచేతులు వంచకుండా 5 సెంటీమీటర్ల లోతుకి నొక్కాలి, 6 దాటకూడదు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలట, లేకపోతే గుండెలోకి మళ్ళీ రక్తం చేరదు. నేనేమో నొక్కి దాని మీదే ఆనుకుంటున్నాను. 30 నొక్కులకి 2 ఊపిర్లు. నోట్లో ఊదడం రాని వాళ్ళు నొక్కడం ఆపకుండా ఉంటే చాలంది. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలంటే ఎందుకా అనుకున్నాను. రెండో నిమిషంలో నా చెమట బొమ్మ మొహం మీద పడింది. ఇలాంటి బొమ్మని 1960లో మొదట చేసింది నార్వేలో ఆస్మండ్ లేర్డాల్ అనే ఆటబొమ్మల వ్యాపారి. పారిస్‌లో సేన్ నదిలో శవంగా దొరికిన, ఎవరో తెలియని అమ్మాయి మొహం అని చెప్పుకునే ఒక మొహపు అచ్చుని చూసి దానికి మొహం పెట్టించాడట. అప్పటి నుంచీ ఎన్ని చేతులు ఆ పిల్లని లేపడానికి చూశాయో.

రిమోట్ ఆయనకి ఒక సందేహం వచ్చింది: "గుండెపోటు వస్తే వెంటనే నొక్కెయ్యాలి కదా?" కాదుట. గుండెపోటులో గుండెకి వెళ్ళే రక్తనాళం మూసుకుంటుంది, మనిషి నొప్పితో మనతో మాట్లాడుతూనే ఉండొచ్చు. ఆయన్ని కూర్చోబెట్టి ఆంబులెన్స్‌ని పిలవాలి. గుండె ఆగిపోవడం వేరు. పిలిస్తే పలకరు, ఊపిరి ఉండదు, లేదా ఆగి ఆగి గురక లాంటి ఎగశ్వాస ఉంటుంది. అది చూసి ఊపిరాడుతోందిలే అని జనం ఊరుకుంటారట. నొక్కాల్సింది అప్పుడు. మొదటిది ముదిరి రెండోది అవ్వచ్చు, కానీ రెండూ ఒకటి కాదు. పేపర్లలో రెండిటికీ గుండెపోటనే రాస్తారు, ఆయన్ని అని ఏం లాభం.

చివరి పది నిమిషాలు స్ట్రోక్, అదే పక్షవాతం, గురించి. మొహం ఒక పక్కకి జారిందా, చెయ్యి వాలిపోతోందా, మాట తడబడుతోందా, వెంటనే టైం చూసుకుని పిలవండి అని ఆవిడ చెబుతుంటే, రిమోట్ ఆయన, "పక్షవాతం మా వంశంలో లేదులెండి, సర్టిఫికెట్ ఎప్పుడిస్తారు?" అన్నాడు.

నాకు మండింది అక్కడ. ఎందుకో మీకు తెలుసు.

నాన్నకి స్ట్రోక్ వచ్చిన ఆ రోజు పొద్దున, ఆయన లేచి కూర్చుని నాతో ఏదో అన్నాడు. వినడానికి మాటల్లాగే ఉన్నాయి, ఒక్కటీ మాట కాదు. బాబాయి వచ్చి చెయ్యి ఎత్తి చూపించి, అలా ఎత్తమన్నాడు. ఎత్తాడు. కాలు ఆడించి చూపిస్తే ఆడించాడు. "కాలూ చెయ్యీ ఆడుతుంటే పక్షవాతం ఎట్లా అవుతుందమ్మా? బీపీ అయ్యుంటుంది, కాసేపు పడుకోనీ." పడుకోబెట్టాం. అమ్మ మంచినీళ్ళు తాగించింది, పొలమారింది. మింగడం దెబ్బతిని ఉండొచ్చు కాబట్టి స్ట్రోక్‌లో నోట్లో ఏమీ పొయ్యకూడదని ఇవాళ విన్నాను. రెండు గంటలు అలా పోయాయి. నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు పోతాయట, ఆ లెక్క నేను కట్టలేదు. అసలు ఆ పక్షవాతం అనే మాటే మన కళ్ళని కాళ్ళూ చేతుల వైపు తిప్పేస్తుంది. జబ్బేమో మెదడుది.

ఆసుపత్రిలో డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న: "చివరిగా ఎప్పుడు బాగున్నారు?" పొద్దున లేచేసరికే ఇలా ఉన్నాడన్నాను. "అది కాదమ్మా, బాగుండగా చివరిసారి ఎవరు చూశారు, ఎన్నింటికి?" అమ్మ తొమ్మిది అంది. తమ్ముడు పదిన్నర అన్నాడు. మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డని కరిగించే ఇంజెక్షన్‌కి 4.5 గంటల గడువు లెక్కేసేది అక్కణ్ణుంచే. ఎటు లెక్కేసినా దాటిపోయింది.

ఇన్నేళ్ళూ బాబాయిదే తప్పనుకున్నాను. ఇక్కడ కూడా రెండుసార్లు రాశాను. కానీ రాయనిది ఒకటుంది. ఆ రాత్రి పదకొండు దాటాక నాన్న నా గది గుమ్మంలో నిలబడి ఏదో అడిగాడు. నేను ఫోన్ చూసుకుంటూ, తలెత్తకుండా, "పొద్దున చూద్దాం నాన్నా" అన్నాను. ఏమడిగాడో గుర్తులేదు. మాట తేడాగా ఉందా అంటే చెప్పలేను, వింటే కదా. డాక్టరు అడిగినప్పుడు ఈ సంగతి చెప్పలేదు. చెప్పినా గడువు దాటే ఉండేది, అది నాకు తెలుసు. బాబాయి కనీసం చెయ్యి ఎత్తించి చూశాడు.

రిమోట్ ఆయన మీద రాద్దామని కూర్చుంటే ఇక్కడ తేలాను. ఆయన మీద కోపం పోయిందా అంటే, లేదు. కొంచెం తగ్గింది.

సాయంత్రం నాన్న ఏం నేర్చుకున్నావన్నట్టు చేత్తో సైగ చేశాడు. మంచం మీద దిండు పెట్టి చూపించబోతే అమ్మ "కింద పెట్టవే, మంచం మెత్తగా ఉంటే ఏం దిగుతుంది" అంది. ఆవిడకెలా తెలిసిందో! కింద పెట్టి నొక్కుతుంటే నాన్న లెక్కపెట్టాడు. కళ్ళజోడు అడగబోయి తాళం అనే మనిషి, ఒకటి నుంచి ముప్ఫై దాకా గుక్కతిప్పుకోకుండా లెక్కపెట్టాడు. అంకెలూ వారాల పేర్లూ వరసగా అలవాటైనవి కాబట్టి అలా వచ్చేస్తాయని మాట నేర్పే అమ్మాయి చెప్పింది కానీ, వింటుంటే మాత్రం పాత నాన్నే. ముప్ఫై అయ్యాక ఆగి, నోరు చూపించి, "రెండు" అన్నాడు. అంతకుముందు నేను ఫోన్లో చెల్లికి చెప్పిందంతా విన్నాడన్నమాట.

ఇందాక మంచినీళ్ళకని లేచి వాళ్ళ గదిలోకి తొంగిచూశాను. నాన్న మెలకువగానే ఉన్నాడు, "ఇంకా పడుకోలేదా" అన్నాడు, స్పష్టంగా. 11:40.